లాటిన్ ఓనమాలు

నేను లాటిన్ నేర్చుకుంటున్నానని తెలిసి మిత్రుడొకడు ఉత్తరం రాశాడు. మేమిద్దరం ఒకే కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ళం, ఉపాధ్యాయ సంఘంలో కలిసి పనిచేస్తున్నవాళ్ళం. "ఏమోయ్, ఇక్కడ ఛాందసులతో కొట్లాడి కొట్లాడి అలిసిపోయి, అక్కడికి పోయి వాళ్ళ తాతగారి పంచన చేరావన్నమాట. చచ్చిన భాష, అందునా బానిసల యజమానుల భాష. దానితో నీకేం పని?" అని అడిగాడు. హాస్యానికే రాసినా అందులో సగం నిజంగానే అడిగాడని నాకు తెలుసు. వారంలోగా జవాబు రాయవలసినవాణ్ణి, రాయలేకపోయాను. అడిగినది న్యాయమైన ప్రశ్న గనుకనే రాయలేకపోయాను. ఇన్నాళ్ళకు రాస్తున్న ఈ వ్యాసమే ఆ జవాబు అనుకోవచ్చు.

నిజానికి నేను లాటిన్ మీద మోజుతో ఆ తరగతిలో చేరలేదు. 2018లో ఒక ఏడాది పరిశోధనకు లండన్ వెళ్ళే అవకాశం వచ్చింది. తెలుగుకు విదేశీయులు రాసిన తొలి వ్యాకరణాలను పరిశీలించడం నా పని. కాంబెల్ వ్యాకరణం 1816 నాటిది, బ్రౌన్ వ్యాకరణం 1840 నాటిది. ఇవి ఇంగ్లీషులో ఉన్నాయి గనుక ఇబ్బంది లేదు. కాని కాంబెల్‌కు దాదాపు తొంబై యేళ్ళ ముందే, 1728లో, మద్రాసులో ఉన్న బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతప్రచారకుడు తెలుగుకు ఒక వ్యాకరణం రాశాడు. 1746-47లో జర్మనీలోని హాల్లేలో అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు కూడా ఈయనవే. ఆ వ్యాకరణం మాత్రం రెండున్నర శతాబ్దాలపాటు రాతప్రతిగా ఉండిపోయి 1984లో హాల్లేలోనే ముద్రణ పొందింది. అది లాటిన్‌లో ఉంది.

తెలుగు ఎం.ఏ. చదివి, పదేళ్ళుగా తెలుగు బోధించి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. నా భాషను గురించి రాసిన పుస్తకం నా ముందుంటే అందులో ఒక్క వాక్యం నాకు తెలియలేదు. ఎవరో చదివి చెప్పినది నమ్మాలి, లేదా ఆ భాష నేర్చుకోవాలి. చదవరానివాడు ఇతరుల నోటిమాట మీద ఆధారపడి బతకవలసి వస్తుందని నేను ఎన్నో సభల్లో ఉపన్యసించినవాణ్ణే. ఆ బతుకు ఎలా ఉంటుందో అప్పటిదాకా నా అనుభవానికి రాలేదు.

1823లో లండన్‌లో చేతిపనివారి చదువుకోసం జార్జి బిర్క్‌బెక్ మొదలైనవారు మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపించారు. పగలు పనిచేసుకునేవాళ్ళకు సాయంత్రం ఉన్నత విద్య చెప్పే ఆచారానికి ఆ నగరంలో అది పునాది. అలాంటి సాయంకాలపు తరగతి ఒకదానిలో చేరాను. మేము పన్నెండు మందిమి. చరిత్ర విద్యార్థులు నలుగురైదుగురు. ఒక ఔషధశాల ఉద్యోగి. తమ ఊరి పాత భూమి పత్రాలు చదువుకోవాలని వచ్చిన ఒక నడివయసు మనిషి. సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దావిడ. మాకు పాఠం చెప్పే అమ్మాయి నాకంటే చిన్నది. ఆమెకు గంటల లెక్కన జీతం. సెలవు నెలల్లో అదీ లేదు. ఆ మాట తెలిసినప్పుడు నాకు మా కళాశాలలోని గెస్ట్ లెక్చరర్లు గుర్తుకు వచ్చారు. సముద్రాలు దాటినా కొన్ని సంగతులకు అనువాదం అక్కరలేదు.

మొదటి నెల నాకు గర్వంగానే గడిచింది. లాటిన్‌కు ఆరు విభక్తులు. అందులో ఆరోదైన అబ్లటివ్ మన తృతీయ, పంచమి, సప్తముల పని చాలావరకు తానొక్కటే చేస్తుంది. క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో మనల్ని ఏడిపించే 'ఎ', 'ది' అనేవి అసలే లేవు. 'పుయెల్లా పొయేతమ్ అమత్' అని పలకమీద రాస్తే, 'బాలిక కవిని ప్రేమిస్తున్నది' అని వరస మార్చకుండా చెప్పగలిగినవాణ్ణి ఆ తరగతిలో నేనొక్కణ్ణే. ఇంగ్లీషువాళ్ళు కర్త ఎక్కడ, కర్మ ఎక్కడ అని వెతుక్కుంటూ ఉంటే, డుమువులు వల్లించిన నోటితో నేను మాట తోకలు పట్టుకుని అర్థం లాగేసేవాణ్ణి. ఇది నా ప్రతిభ కాదు, తెలుగు తల్లి పెట్టిన భిక్ష అని వినయంగా అనుకోవలసింది. అనుకోలేదు.

క్రియలు వచ్చాయి. పురుషలు, వచనాలు, కాలాలు, కర్తరి, కర్మణి, వీటన్నిటికీ తోకలు. అయిదు రకాల నామాలకు అయిదు పట్టికలు. బస్సులో వల్లించాను, వంట చేస్తూ వల్లించాను. నవంబరులో చిన్న పరీక్ష పెట్టారు. ఇరవైకి నాకు నాలుగు మార్కులు వచ్చాయి.

ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్న విధం ఇప్పటికీ నాకు గుర్తున్నది. పక్కవాళ్ళకు కనబడకుండా, అంకె లోపలికి పోయేట్టు మడిచాను. సరిగా అలాగే మడవడం పదేళ్ళుగా వెనక బెంచీల్లో చూస్తున్నాను. చూసి, 'వీడికి సిగ్గు లేదు, కాగితం కేసి కూడా చూడడు' అని అనుకున్నవాణ్ణి. సిగ్గు లేకపోవడం కాదది, సిగ్గును దాచుకునే పద్ధతి.

ఆ సాయంత్రం బస్సుకోసం నిలబడ్డప్పుడు పెద్దావిడ నా పక్కనే ఉన్నది. ఆమెకు ఏడు వచ్చాయట. "నువ్వు పాఠాలు చెప్పేవాడివి కదా, నీకు అలవాటు లేదు. నాకు అలవాటే," అన్నది నవ్వుతూ. తర్వాత తన సంగతి చెప్పింది. ఆమె చిన్నతనంలో బ్రిటనులో పిల్లలకు పదకొండో ఏట ఒక పరీక్ష పెట్టేవాళ్ళు. నెగ్గినవాళ్ళు గ్రామర్ స్కూలుకు పోయేవాళ్ళు. అక్కడ లాటిన్ చెప్పేవాళ్ళు. తప్పినవాళ్ళు సెకండరీ మోడరన్ బడికి. అక్కడ ఆమెకు కుట్టుపని, వంట నేర్పారు. పదిహేనో ఏట బడి మానేసి పనిలో చేరింది. 1960 దాకా ఆక్స్‌ఫర్డులో, కేంబ్రిడ్జిలో ఏ విషయం చదవదలచినా ముందు లాటిన్ వచ్చి ఉండాలి. అంటే రసాయన శాస్త్రం చదవాలన్నా రోమన్ల విభక్తులు దాటి రావాలి. పదకొండో ఏట తప్పిన పిల్లకు ఆ దోవ అప్పుడే మూసుకుపోయేది.

"మరి ఇప్పుడెందుకు వచ్చారు?" అని అడిగాను.

"మాకు చెప్పకుండా ఏం దాచుకున్నారో చూద్దామని," అన్నది.

ఈ మాట వినగానే నాకు ఇంకొక మనిషి గుర్తుకు వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి ఆమే అసలు కారణం.

కొన్నేళ్ళ క్రితం మా కళాశాలలో బి.ఏ.లో తెలుగు ప్రధాన విషయంగా తీసుకున్న ఒక అమ్మాయి ఉండేది. తల్లి మిరపకాయలకు తొడిమలు తీసే కూలి. ఆ యింట్లో కళాశాల మెట్లెక్కిన మొదటి మనిషి ఈ పిల్లే. ఒకరోజు తరగతి అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "సార్, బాలవ్యాకరణం మొదటినుంచీ చెప్తారా? సూత్రాలు నాకు అర్థం కావడం లేదు," అని అడిగింది. నేను చాలా దయగా, "ఆ చాదస్తం నీకెందుకమ్మా? అది పండితుల గోల. నాలుగైదు ప్రశ్నలు గుర్తుపెట్టి ఇస్తాను, అవి చూసుకో, పాసైపోతావు," అన్నాను. ఆనాడు నన్ను నేను అభ్యుదయవాదిననుకున్నాను. ఛాందసాన్ని ఎదిరించాననీ, పేదపిల్ల మీద బరువు తగ్గించాననీ సంతోషించాను.

ఆ అమ్మాయి పాసయింది. ఎం.ఏ.లో సీటు తెచ్చుకున్నది. నేను లండన్ ప్రయాణమయ్యే ముందు బస్టాండులో కనబడి, చదువు ఎలా ఉందంటే కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "వ్యాకరణం క్లాసులో అందరూ సూత్రాలు చెప్తారు సార్. కొందరికి ఇంట్లోనే వచ్చు. నేను తల వంచుకు కూర్చుంటాను. మీరు మాకు అక్కర్లేదన్నారు కదా!" అన్నది. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఆ 'మాకు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను 'నీకెందుకమ్మా' అన్నాను. ఆమెకు 'మీకెందుకు' అని వినిపించింది. తప్పుగా వినలేదు.

పండితుడి కొడుకు వచ్చి అదే ప్రశ్న అడిగితే అదే జవాబు చెప్పేవాణ్ణా? ఈ ప్రశ్న వేసుకుంటే నాకు గౌరవప్రదమైన సమాధానం దొరకడం లేదు.

ఇక లాటిన్ సంగతి. అది బానిసల యజమానుల భాష అన్న మాటలో అబద్ధం లేదు. కాని అది చదివితే యజమానుల మీద భక్తి కలుగుతుందని మాత్రం అనుకోనక్కరలేదు. మనం రోజూ వాడే మాటల గుట్టు కొంత అక్కడ బయటపడింది. 'ప్రొలెటారియుస్' అంటే రోమన్ జనాభా లెక్కల్లో ఆస్తి ఏమీ లేక, రాజ్యానికి బిడ్డలను మాత్రమే ఇవ్వగలవాడు. 'ప్రోలెస్' అంటే సంతానం. 'క్లాసిస్' అంటే అదే లెక్కల్లో ఆస్తినిబట్టి చేసిన విభాగం. 'ఫమీలియా' అనే మాట 'ఫములుస్', అంటే ఇంటి బానిస, అన్న మాటనుంచి వచ్చింది. మొదట అది ఒక యజమాని కింద ఉన్న బానిసల సముదాయమని 1884లో ఎంగెల్స్ గుర్తుచేశాడు. మార్క్సు 1835లో ట్రియర్‌లో పాఠశాల చివరి పరీక్షకు అగస్టస్ పాలనను గురించి లాటిన్‌లోనే వ్యాసం రాశాడు. మన రాజకీయ పదజాలానికి తల్లివేర్లు కొన్ని ఆ లెక్కల పుస్తకంలో ఉన్నాయి.

మార్చిలో పాఠం చెప్పే అమ్మాయి మాకు తొలిసారిగా అసలు రచన ఒకటి ఇచ్చింది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో కేటో వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో ఒక చోట. భూస్వామి తన పొలానికి పోయి లెక్కలు చూసుకున్నాక ఏమేమి అమ్మేయాలో చెబుతాడు. ముసలి ఎద్దులు, లోపమున్న పశువులు, గొర్రెలు, ఉన్ని, తోళ్ళు, పాత బండి, పాత పనిముట్లు, ముసలి బానిస, జబ్బు బానిస, ఇంకా మిగులుబడి ఏమైనా ఉంటే అది. అన్నీ అయ్యాక, చిట్టచివర ఒక్క క్రియ: 'వెందత్', అంటే 'అమ్మవలెను'.

తెలుగులో రాసుకుందామని కూర్చున్నాను. వరస మార్చకుండా వస్తుంది గనుక సుఖంగా సాగిపోయింది. బానిస దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. తెలుగులో వస్తువుకు ద్వితీయా ప్రత్యయం చేర్చకపోయినా చెల్లుతుంది. 'బండి అమ్మాడు' అంటాం. మనిషికి అలా చెల్లదు. 'బానిసను అమ్మాడు' అనాలి. ఆ 'ను' తీసేస్తే అమ్మినవాడు బానిసే అవుతాడు. లాటిన్ వాక్యంలో బండీ, బానిసా ఒకే విభక్తిలో పక్కపక్కన నిలబడి ఉన్నాయి, వాటిమధ్య గీత ఏమీ లేదు. తెలుగు చేసేవాడు మాత్రం వీడు వస్తువా మనిషా అన్నది తేల్చుకోక తప్పదు. రోమన్ నాగరికతను గురించి నేను చదివిన ఇంగ్లీషు పుస్తకాలేవీ ఆ ఒక్క 'ను' చెప్పినంత గట్టిగా నాకు చెప్పలేదు.

అంతటితో తెలుగు గొప్పదని చంకలు గుద్దుకోబోయాను. కాని మన వ్యాకరణం మాత్రం నిర్దోషా? స్త్రీవాచకాన్ని 'మహతి' అని గౌరవంగా పిలిచి, ఏకవచనంలో తీసుకుపోయి పశువులతోనూ వస్తువులతోనూ కలిపింది. 'ఆమె వచ్చింది', 'ఎద్దు వచ్చింది', 'బండి వచ్చింది'. పదేళ్ళు ఈ పాఠం చెప్పాను. ఒక్కనాడూ నాకు వింత అనిపించలేదు. పరాయి భాష గుమ్మంలో నిలబడితే గాని నా ఇంట్లో సామాను నాకు కనబడలేదు.

భూమి పత్రాలకోసం వచ్చిన పెద్దమనిషి ఒకసారి ఒక సంగతి చెప్పాడు. ఇంగ్లండులో న్యాయస్థానాల రికార్డులు 1733 దాకా లాటిన్‌లోనే ఉండేవట. రాజును దించిన విప్లవకాలంలో, 1650లో, ఇంగ్లీషు చేశారు. 1660లో రాజు తిరిగి రాగానే లాటిన్ కూడా తిరిగి వచ్చింది. తన భూమి ఎలా పోయిందో రైతుకు తెలియని భాషలో రాసి పెట్టడంకన్నా మంచి భద్రత భూస్వామికి మరేముంటుంది? మన పల్లెల్లో అర్థంకాని దస్తావేజుల కింద వేలిముద్రలు వేసినవాళ్ళకు ఈ కథ కొత్త కాదు.

ఇక్కడ మిత్రుని వాదం బలపడుతుంది. అలాంటి భాషను తగలబెట్టక చదవడం దేనికి? ఈ వాదం వామపక్షంలోనే రెండు విధాలుగా నడిచింది.

ఇటలీలో గ్రామ్సీ ఫాసిస్టు జైల్లో కూర్చుని విద్యను గురించి రాసిన నోటుపుస్తకంలో లాటిన్ ప్రసక్తి వస్తుంది. ఆయన సార్డీనియా దీవిలో పేద కుటుంబంలో పుట్టి, విద్యార్థి వేతనంతో టూరిన్‌లో భాషాశాస్త్రం చదివినవాడు. పిల్లలు లాటిన్ నేర్చుకునేది వడ్డనగాళ్ళుగానో దుబాసీలుగానో బతకడానికి కాదని ఆయన అంటాడు. ఓపికగా కూర్చోవడం, ఒక సమాజం పుట్టి పెరిగి గిట్టిన తీరును ఆరా తీయడం అలవడతాయి. పాతబడిని మార్చవలసిందే; దాని స్థానంలో పెట్టేది తేలికపాటిది కాకూడదు. చదువుకూడా కండరాలతో చేసే పనిలాంటి శ్రమే. కలిగినవాళ్ళ పిల్లలు ఆ శ్రమకు ఇంట్లోనే అలవాటు పడతారు, శ్రామికుల పిల్లలకు బడిలోనే అలవాటు కావాలి. పేదలకు వృత్తి నేర్పే బడులు చూడడానికి ప్రజాస్వామికంగా ఉన్నా, వాళ్ళను తాతల నాటి స్థానంలోనే బిగిస్తాయని ఆయన భయం.

అదే దేశంలో బార్బియానా అనే కొండపల్లెలో డాన్ మిలానీ అనే క్రైస్తవ పూజారి పేద పిల్లలకు బడి నడిపాడు. ఆ పిల్లలు కలిసి రాసి 1967లో ప్రకటించిన 'ఉపాధ్యాయురాలికి లేఖ' బడులు పేదపిల్లలను ఎలా తప్పించి బయటికి గెంటుతున్నాయో లెక్కలతో చూపించింది. అంతకుముందే 1962లో ఇటలీ ప్రభుత్వం పిల్లలందరికీ ఒకే మాధ్యమిక పాఠశాల పెట్టి, లాటిన్‌ను తప్పనిసరి స్థానంనుంచి దించింది. ఎన్నో ఏళ్ళుగా అది పిల్లలను వేరుచేసే జల్లెడగా పనిచేసింది మరి.

ఈ రెండు వాదాలలో ఒకటి ఎంచుకోవాలని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. బార్బియానా పిల్లలు కూల్చమన్నది జల్లెడను. గ్రామ్సీ వదలవద్దన్నది చదువును. జల్లెడను తీసేశామని చెప్పి చదువునే తీసేస్తే, అది కలిగినవాడి ఇంట్లో భద్రంగా ఉంటుంది. బ్రిటను లెక్కలే చూడండి. 2021లో ప్రభుత్వం పేర్కొన్న సర్వే ప్రకారం పదకొండేళ్ళు దాటిన పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ పాఠశాలలు 2.7 శాతం, ప్రైవేటు పాఠశాలలు 49 శాతం. ప్రభుత్వ బడుల్లో లాటిన్ చెప్పించడానికి నలభై లక్షల పౌన్లతో ఒక పథకం ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో, విద్యా సంవత్సరం మధ్యలో, దాన్ని ఆపేశారు. ప్రైవేటు బడుల్లో లాటిన్‌ను ఎవరూ ఆపలేదు.

మన దేశంలో ఈ సంగతికి అంబేద్కర్ జీవితంకన్నా పెద్ద సాక్ష్యం అక్కరలేదు. బడిలో సంస్కృతం చదువుతానంటే అస్పృశ్యుడని నిరాకరించారు. పారసీ తీసుకోవలసి వచ్చింది. తర్వాత ఆయన సంస్కృతం పట్టుబట్టి నేర్చుకుని, 1946లో శూద్రులెవరన్న ప్రశ్నకు వైదిక గ్రంథాలనే తిరగేసి సమాధానం వెతికాడు. సంస్కృతం మనకక్కరలేదని ఆయన ఊరుకుని ఉంటే సంతోషించేవాళ్ళెవరు? గిడుగు రామమూర్తిగారు వాడుకభాషకోసం పోరాడింది పాత గ్రంథాలు తెలియక కాదు. శాసనాలు, కావ్యాలు గాలించి, పండితులు తప్పన్న ప్రయోగాలను వాళ్ళు పూజించే కవుల్లోంచే ఎత్తి చూపాడు. గ్రాంథికవాదుల కోట ఆయన బయటనుంచి రాళ్ళు విసిరినందువల్ల పడలేదు.

మరి నేను? ఏడాది ఆఖరుకు షుల్జ్ వ్యాకరణంలో రోజుకు అరపేజీ, నిఘంటువు చేతపట్టుకుని, చదవగలిగాను. ఇదేమీ పాండిత్యం కాదు, నాకు తెలుసు. కాని ఆ అరపేజీకోసం ఎవరి నోటికేసీ చూడనక్కరలేకపోయింది.

2019లో తిరిగి వచ్చాక ఆ అమ్మాయికి ఉత్తరం రాశాను. నేను ఆనాడు చేసింది దయ కాదని, తప్పని రాశాను. క్షమించాననీ క్షమించలేదనీ ఆమె రాయలేదు. సంధి పరిచ్ఛేదంలో ఒక సూత్రం సంఖ్య వేసి, 'దీనికి వివరణ చెప్పండి' అని మాత్రం రాసింది. నాకే సరిగా తెలియదు, చదువుకుని మూడు రోజులకు జవాబు పంపాను. అప్పటినుంచి గురువారాలు తరగతులయ్యాక మా కళాశాలలో ఒక ఖాళీ గదిలో బాలవ్యాకరణం మొదటినుంచీ చెబుతున్నాను. పరీక్ష లేదు, మార్కులు లేవు. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. నెల తిరిగేసరికి ఆరుగురు మిగిలారు. 2020లో కళాశాలలు మూతబడ్డప్పుడు అదీ ఆగింది; తెరిచాక మళ్ళీ మొదలుపెట్టాం. అయిదుగురైనా రాని గురువారాలు ఉన్నాయి.

ఇందువల్ల సమాజం మారిపోతుందని నేను చెప్పడం లేదు. మా మిత్రుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. "ఆ ఆరుగురిలో కూలివాళ్ళ పిల్లలు ఎంతమంది?" అని అడుగుతూనే ఉన్నాడు. నలుగురు. అడగడం మానవద్దని అతనికి చెప్పాను. నేను లెక్క చూసుకోవడం మానకుండా ఉండడానికి అది అవసరం.